మునిగిన గనిలోకి ఏ దీపం?

మీరు టార్చిలైటు కొనడానికి దుకాణానికి పోతే ఏమడుగుతారు? వెలుగు ఎంత దూరం పడుతుంది, ఎంతసేపు నిలుస్తుంది, ధరలో ఏమన్నా తగ్గిస్తారా. నేనూ అవే అడుగుతాను. అవన్నీ అయ్యాక నా నోటికి ఇంకో ప్రశ్న వస్తుంది: ఇది ఆరిపోయే ముందు ఏమన్నా గుర్తు చూపిస్తుందా, చెప్పాపెట్టకుండా పోతుందా? దుకాణంలో కుర్రాడు నన్ను ఎగాదిగా చూసి ముసలాయనకు చాదస్తం అనుకుంటాడు. చాదస్తమే. అది నాకు ఎక్కడ అంటుకుందో చెబుతాను.

నా ఉద్యోగమంతా గోదావరి అవతల, ఆదిలాబాదు జిల్లా బొగ్గు గనుల్లో గడిచింది. గనులనగానే నన్ను వీరుణ్ణి చేసుకోకండి. నేను పనిచేసింది గని లోపల కాదు, గని మీద ఉండే లాంపు రూములో. చీకటంటే నాకు పుట్టు బుగులు. మా బాపు కరీంనగర్ పక్క పల్లెలో మగ్గం నేసేవాడు. ఆ మగ్గం గుంతలో కాళ్ళు పెట్టి కూర్చోవడానికే జంకేవాణ్ణి, అడుగున ఏదో ఉందని. "గుంతల కాలు పెట్టనోడు బొగ్గుబాయిల ఎట్ల దిగుతవు బిడ్డా?" అని మా అవ్వ నవ్వింది, నేను నౌకరీకి పోతున్నానంటే. దిగకుండానే గని జీతం తినే ఉద్యోగం ఒకటుందని ఆమెకు తెలియదు. నాకు తెలుసు. అందుకే దాన్ని వెతుక్కుని మరీ చేరాను.

ఆ పని ఇదీ. గనిలోకి దిగే ప్రతి మనిషి టోపీకి ఒక లైటు ఉంటుంది. దాని బ్యాటరీ ఇటుకంత బరువుతో నడుముకు వేలాడుతుంది, లోపల యాసిడ్. మనిషి కిటికీలో తన ఇత్తడి బిళ్ళ ఇచ్చి లైటు తీసుకుంటాడు. పైకొచ్చాక లైటు ఇచ్చి బిళ్ళ తీసుకుంటాడు. షిఫ్టు అయిపోయాక కూడా బిళ్ళ మా బోర్డు మీద వేలాడుతుందంటే ఆ మనిషి ఇంకా భూమి కింద ఉన్నాడని అర్థం.

లాంపు రూముకు పెద్ద, మేమంతా చాచా అని పిలిచే ఆయన. నిజాం కాలంలో గని లోపల పనిచేసి, కాలు విరిగి పైకి వచ్చిన మనిషి. ఆయనకు రెండే చట్టాలు. మొదటిది, తిరిగొచ్చిన లైటు నేరుగా చార్జింగు పెట్టే అరల చట్రం, అంటే రాకు మీదికి ఎక్కాలి. సగం కాలిన దీపంతో ఏ మనిషీ గని దిగకూడదు. రెండోది, లైటుకు నీటి చుక్క తగలకూడదు. వానాకాలంలో తడిసిన లైటు ఎవరైనా కిటికీలో పెడితే చాచా తిట్లు కిటికీ దాటి టీ కొట్టు దాకా వినిపించేవి. ఆ తిట్లు ఉర్దూలో మొదలై తెలుగులో ముగిసేవి. నమాజు తప్పినా తప్పుతాడేమో కానీ ఆ రెండు చట్టాలూ తప్పేవాడు కాదు.

అరవయ్యో దశకం మొదట్లో, ఒక వానాకాలం. మా గని పక్కనే ఎప్పుడో వదిలేసిన పాత తవ్వకాలు ఉండేవి. వాటిలో నిండిన నీళ్ళు ఒక పొద్దున గోడ పగలగొట్టుకుని మా గనిలోకి దూకాయి. సైరను మోగింది. జనం పరుగెత్తి పైకొచ్చారు. కిటికీ దగ్గర తోపులాట. లైట్లు విసిరేసినట్టు ఇస్తున్నారు, బిళ్ళలు గుంజుకుంటున్నారు. ఆ తోపులాట సద్దుమణిగాక బోర్డు వైపు తిరిగి చూశాను. ఒక్క బిళ్ళ మిగిలింది.

అది కింది పంపు నడిపే ఖలాసీది. నెమ్మదైన మనిషి, లైటు తీసుకునేటప్పుడు ప్రతిరోజూ "పోయొస్త తమ్మీ" అనేవాడు. అంతకుమించి నాకతని గురించి ఏమీ తెలియదు. సాయంత్రానికి అతని భార్య మా కిటికీ దగ్గరికి వచ్చి నిలబడింది. ఆఫీసులో ఎవరూ మాట్లాడటం లేదట.

"తమ్మీ, మా ఆయన బిళ్ళ ఇంక గాడనే ఉన్నదా?"

"ఉన్నదక్కా."

"ఉన్నదంటే లోపట ఉన్నట్టే గద? ఉన్నట్టే గదా తమ్మీ?"

చాచా నా భుజం మీది నుంచి తల బయట పెట్టి, "ఉన్నడు బిడ్డా. బిళ్ళ నా తాన ఉన్నంత వరకు మనిషి ఉన్నట్టే. నువ్వు గీ అరుగు మీద కూసో" అన్నాడు. ఆమె కూర్చుంది. లేవలేదు.

మర్నాడు పొద్దున లోపలికి పోయినవాళ్ళు పరుగెత్తుకొచ్చి చెప్పారు, ఇనుప పైపు మీద చప్పుడు వినిపిస్తోందని. టక్, టక్. ఖలాసీ బతికే ఉన్నాడు. గని దారి ఒకచోట పల్లంలోకి దిగి మళ్ళీ పైకి లేస్తుంది. పల్లమంతా నీళ్ళు, అవతలి ఎత్తులో అతను. అతనితోపాటు కొంత గాలి. ఎంత గాలి అన్నది ఎవరికీ తెలియదు.

ఇవతలి ఒడ్డున పంపు పెట్టి నీళ్ళు తోడటం మొదలుపెట్టారు. నీటి మట్టం జానెడు దిగింది. అందరి మొహాల్లో ప్రాణం వచ్చింది. అంతలో పంపు ఒట్టి గాలి మింగడం మొదలుపెట్టింది. నీళ్ళు పీల్చే పైపు చివర ఒక జాలీ ఉంటుంది. దానికి గని కప్పుకు ఊతమిచ్చే కట్టెల బెరడు, చెత్త పట్టుకుంది. పైపును బయటికి లాగుదామంటే నడుమ కప్పు కూలి రాళ్ళు దాని మీద కూర్చున్నాయి. ఎవరో నీళ్ళలో మునిగి, పక్క దారి నుంచి చుట్టిపోయి, చేత్తో ఆ జాలీ శుభ్రం చెయ్యాలి. పైన కప్పు, కింద బురద, నడుమ నీళ్ళు. మునిగినవాడు ఊపిరి కావాలంటే తల పైకెత్తే చోటు లేదు, పోయిన దారినే తిరిగి రావాలి.

మేనేజర్ సాబ్ మంచిర్యాల వైపు జీపు పంపించాడు. గోదావరి ఒడ్డు నుంచి ఒక బెస్త ఆయన వచ్చాడు. నలభై దాటిన మనిషి, పొట్టి, ఛాతీ మాత్రం కాగంత. రేవుల్లో మునిగిన శవాలను తీసేది ఆయనేనట. ఖలాసీ ఎవరో ఆయనకు తెలియదు. వచ్చి, పైపు మీద చప్పుడు ఒకసారి విని, "దీపం కావాలె" అన్నాడు, అంతే. నడుముకు తాడు కట్టుకొమ్మని మేనేజర్ సాబ్ అంటే ఒప్పుకోలేదు. "తాడు కట్టెలల్ల చిక్కి సచ్చినోళ్లను శానమందిని తీసిన సార్. నాకు దీపమిప్పియ్యుండ్రి, తాడొద్దు."

దీపం ఎంచే పని లాంపు రూము మీద పడింది. మీకిప్పుడు నీళ్ళలో వేసినా వెలిగే లైట్లు రంగురంగులవి దొరుకుతాయి. అప్పుడు మంచిర్యాలలో లేవు, కరీంనగర్‌లో లేవు. హైదరాబాదుకు ట్రంకాల్ చేస్తే, అట్లాంటివి కలకత్తాలో దొరకొచ్చు, రాసి పంపండి అన్నారట. రాసి పంపి, అది వచ్చేనాటికి పైపు మీద చప్పుడు చేసేందుకు మనిషి ఉండాలి కదా.

ఉన్నవాటిలోనే చూసుకోవాలి. ఒకాయన మూడు సెల్లుల బజారు టార్చికి సైకిల్ ట్యూబు చుట్టి తెచ్చాడు. నీళ్ళ డ్రమ్ములో ముంచగానే బుడబుడమని బుడగలు వదిలి ఆరిపోయింది. ఆరకపోయినా పనికొచ్చేది కాదు. గనిలో గ్యాసు ఉంటుంది, మీట నొక్కితే నిప్పురవ్వ లేచే టార్చిని లోపలికి రానివ్వరు. ఎలక్ట్రీషియన్ ఒకతను తీగ లాగి బల్బు దించుదామన్నాడు. బెస్త ఆయన ఆ తీగను చూసి, "నీళ్ళల్ల కరెంటా? చేపలకైతే మంచిగుంటది" అన్నాడు. ఎలక్ట్రీషియన్ తీగ చుట్టుకుని వెళ్ళిపోయాడు.

ఇక మిగిలింది మా టోపీ లైటే. మూత గట్టిది, గ్యాసుకు భయం లేదు, షిఫ్టంతా వెలుగుతుంది, కొత్తగా పైసా ఖర్చు లేదు. ఒకటే లోపం, బ్యాటరీ పైన సన్నని రంధ్రాలు ఉంటాయి. వాటిలోంచి నీళ్ళు లోపలికి పోతే దీపం ఆరుతుంది, యాసిడ్ బయటికొస్తే ఒళ్ళు కాలుతుంది. ఒక తట్టెడు లైట్లకు ఆ రంధ్రాలను మైనంతో పూడ్చి, పైన సైకిల్ ట్యూబు ముక్కలు సొల్యూషన్‌తో అంటించాం. చాచా ఆ పని చేస్తుంటే చూడాలి, కన్నబిడ్డకు చెవులు కుట్టిస్తున్నట్టు మొహం పెట్టాడు. "జిందగీ మొత్తం లైటుకు నీళ్ళు తగలనియ్యలే. ఇయ్యాల నా చేతులతోనే ముంచుతున్న" అన్నాడు.

డ్రమ్ములో ముంచితే అన్నీ బాగానే వెలిగాయి. మేం చప్పట్లు కొట్టబోతుంటే బెస్త ఆయన డ్రమ్ములోకి తొంగిచూశాడు.

"గిండ్ల మా బిడ్డ తానం చేస్తది. లోతుల నీళ్ళు గట్టిగ ఒత్తుతయి. బాయిల దించుండ్రి."

కాలనీ మంచినీళ్ళ బావికి పోయాం. బిందెలతో వచ్చిన ఆడవాళ్ళు "తాగే నీళ్ళల్ల గిదేం ముంచుడు" అని కసిరారు. సంగతి తెలిసి వాళ్ళే బిందెలు దింపి పక్కకు జరిగారు. ఒక్కో లైటుకు రాయి కట్టి అడుగు దాకా దించాం. ఒకటి సగంలోనే గుడ్డిదైపోయింది. ఇంకోదాని అద్దంలోకి నీళ్ళు చేరాయి. మొత్తం తట్టలో రెండే రెండు నిలిచాయి. మధ్యాహ్నం నుంచి పొద్దుగూకే దాకా వాటిని బావి అడుగునే ఉంచాం. నేను గట్టు మీద బోర్లా పడుకుని చూస్తూ ఉన్నాను. ఆ లోతులో, ఆ నల్లని నీళ్ళ కింద ఆ రెండే వెలుగులు. మనిషి అక్కడుంటాడు రేపు, ఈ దీపాన్ని నమ్ముకుని. నాకు అన్నం సహించలేదు.

రెండు లైట్లూ తెచ్చి లాంపు రూములో పెట్టాం. ఇక్కడే, మాకు మాత్రమే చేతనైన తప్పొకటి జరిగింది. తిరిగొచ్చిన లైటు రాకు మీదికి ఎక్కాలి కదా! చాచా చెయ్యి ముప్పయ్యేళ్ళ అలవాటున ఒకదాన్ని రాకు మీదికి ఎక్కించింది. రెండోదానికి మైనం ఎక్కువై చార్జింగు ముళ్ళకు అందలేదు కనక అది బల్ల మీదే ఉండిపోయింది. సగం కాలిన దీపం మనిషికి ఇవ్వకూడదన్న చట్టం ఒకటే చాచా బుర్రలో ఉంది. నా బుర్రలోనూ అదే ఉంది. చార్జింగు ఎక్కేటప్పుడు, ఎక్కాక కొంతసేపు కూడా బ్యాటరీ లోపల గాలి పుడుతుందనీ, ఆ గాలి పోవడానికే పైన రంధ్రాలున్నాయనీ మాకు తెలియక కాదు. రోజూ ఆ బుసబుసల నడుమే టీ తాగేవాళ్ళం. తెలిసిందీ, చేసిందీ ఆ పొద్దు ఒక దగ్గరికి రాలేదు. ఉడికే కుండకు మూత బిగించి సున్నం పూసినట్టు చేశాం.

తెల్లారి మేనేజర్ సాబ్ వచ్చాడు. బెస్త ఆయన రెండు లైట్లూ చూసి నా వైపు వేలు చూపించాడు.

"గీ తమ్మి నాతోని రావాలె. దీపం పట్టెటోనికి దీపం సంగతి తెలిసుండాలె."

"నేను లోపలికి రాను సార్, నాకు అలవాటు లేదు" అన్నాను మేనేజర్ సాబ్‌తో. నిజం చెప్పాలంటే ఏడ్చినంత పని చేశాను. అరుగు మీద ఆ ఆడమనిషి కూర్చునే ఉంది. ఆమె నన్ను ఒక్కసారి చూసింది. చాచా తన కుంటికాలు ఈడ్చుకుంటూ లేచి టోపీ పెట్టుకున్నాడు. "నడువ్ బేటా. నేను గూడ వస్తున్న." ఇంక తప్పించుకునే దారి లేదు. లాంపు రూములో నా బిళ్ళ కూడా మొదటిసారి బోర్డుకెక్కింది.

గని లోపలి నడక గురించి వర్ణించను. నేను ఎక్కువ చూడలేదు కూడా. చాచా చొక్కా కొస పట్టుకుని, నా టోపీ లైటు పడినంత మేర నేలను మాత్రమే చూస్తూ నడిచాను. కట్టెలు కిర్రుమంటే ప్రాణం పైకొచ్చేది. ఒకచోట దారి ఆగిపోయింది. ముందు నీళ్ళు, కదలకుండా, నూనెలాగా. పంపు ఆగి ఉంది. ఏడెనిమిది మంది మనుషులు నిలబడి ఉన్నారు. పైపు మీద చప్పుడు వినిపించింది. టక్. చాలాసేపటికి ఇంకోటి. నిన్నటి కంటే నెమ్మదించింది, ఆ సంగతి అందరికీ తెలుసు, ఎవరూ అనటం లేదు.

రెండు లైట్లూ వెలిగించాను. రాకు మీద పెట్టింది తెల్లగా, కళ్ళు చెదిరేటట్టు వెలిగింది. బల్ల మీద ఉండిపోయింది పసుపుగా, నీరసంగా ఉంది. మేనేజర్ సాబ్ తెల్లదాన్ని బెస్త ఆయనకిమ్మన్నాడు. ఆయన రెంటినీ చేతులతో తూచి అడిగాడు.

"తమ్మీ, రెంటిల ఏది నమ్మచ్చు? వెలుగు సంగతి కాదు నేనడిగేది. నడ్మల ఆరనిది ఏది?"

"ఎందుకన్నా? బాగా వెలిగేదే నువ్వు పెట్టుకో."

"నా తాన ఉన్నది ఆరితే చేతులతోటి దేవులాడుకుంట. నువ్వు గీడ నీళ్ళల్ల ముంచి పట్టుకుంటవు సూడు, గది ఆరితే నేను యాడికి రావాలె? నమ్మకమైంది నువ్వు పట్టుకో."

ఇంత పెద్ద ప్రశ్న నన్ను ఎవరూ ఎప్పుడూ అడగలేదు. తెల్లదాన్ని చెవి దగ్గర పెట్టుకున్నాను. మైనం కింద సన్నగా, చీమలు పాకినట్టు చప్పుడు. ట్యూబు ముక్క కొద్దిగా ఉబ్బినట్టుంది. చాచాకు చూపిస్తే, "తాజాగ ఉన్నది బేటా, ఫికర్ లేదు" అన్నాడు. పసుపుదాంట్లో ఏ చప్పుడూ లేదు. దానికి సత్తువ తక్కువ, తెల్లదానికి ఏదో జబ్బు. జబ్బేమిటో నాకు అంతుపట్టలేదు, భయం మాత్రం తట్టింది. "పసుపుది నేను పట్టుకుంట" అన్నాను. ఎక్కువసేపు నిలవదేమో అని మాత్రం చెప్పాను. "జల్దీ వస్త తియ్" అన్నాడాయన.

గోచీ బిగించి, నీళ్ళు ముట్టుకుని కళ్ళకద్దుకున్నాడు. "గంగమ్మ తల్లీ" అని, మళ్ళీ మా వైపు చూసి, "బొగ్గు నీళ్ళే. అయినా అడిగి పోవాలె" అన్నాడు. నడుముకు తెల్ల లైటు. ఒక్క మునక.

నేను మోకాళ్ళ లోతు నీళ్ళలోకి దిగి, వంగి, పసుపు దీపం నీళ్ళలో చేయి చాచినంత లోతున పట్టుకున్నాను. నీటి అడుగున తెల్లని వెలుగు జరుగుతూ పోయి, మూల తిరిగి, మసకైంది. నా ఊపిరి నాకు తెలియకుండానే బిగబట్టాను. నాకే ఆగలేదు, మూడుసార్లు వదిలాను. అప్పుడు తెల్ల వెలుగు మళ్ళీ కనిపించింది. ఆయన తలెత్తి, పిడికెడు బెరడు మా ముందు విసిరాడు. మళ్ళీ మునిగాడు. మళ్ళీ వచ్చాడు, మళ్ళీ బెరడు. ఒకసారి కొద్దిసేపు రాయి మీద కూర్చుని, "ఇంకొక్కపాలి. జాలీ సగం దొరికింది" అన్నాడు. పెదాలు నీలంగా ఉన్నాయి. చాచా కప్పుకున్న దుప్పటి తీసి ఆయన భుజాల మీద వేశాడు. ఆయన దాన్ని జాగ్రత్తగా మడిచి చాచాకిచ్చి నీళ్ళలోకి దిగాడు.

ఈసారి తెల్ల వెలుగు మూల తిరగ్గానే నీళ్ళలో ఏదో దబ్బుమంది. పెద్ద చప్పుడు కాదు, సీసా బిరడా ఊడినట్టు. బుడగలు లేచాయి. మూల దగ్గరి మసక వెలుగు పోయింది.

"ఆరింది" అన్నాడెవరో. ఆ ఒక్క మాట.

ఇప్పుడాయనకు మిగిలింది నా చేతిలోదే. అటు చూశాను. పసుపు కాస్తా ఎరుపైంది. పొయ్యిలో చివరి నిప్పులాగా ఎరుపు. నేను దాన్ని రెండు చేతులతో పట్టుకుని, వినేదాన్ని బతిమాలినట్టు, "ఆరకే, ఆరకే తల్లీ" అన్నాను. గట్టిగానే అన్నానట, తర్వాత చాచా చెప్పాడు. అది వినలేదు. చూస్తుండగానే తీగ మాత్రం ఎర్రగా మిగిలి, అదీ పోయింది.

నీళ్ళ పైన ఏడెనిమిది టోపీ లైట్లు వెలుగుతున్నాయి. నీళ్ళు మాత్రం నల్లరాయిలాగా ఉన్నాయి. ఆ వెలుగు వాటి మీద పడి జారిపోతోంది తప్ప లోపలికి దిగటం లేదు. వాటి కింద ఒక మనిషి ఉన్నాడు, ఊపిరి అయిపోతున్న మనిషి, ఎటు తిరగాలో తెలియని మనిషి. అంత భయం నేను జన్మలో పడలేదు. అది నా కోసం పడిన భయం కాదు కనక దాన్నుంచి పారిపోయే వీలు కూడా లేదు.

నా పక్కన చప్పుడైంది. చాచా తన టోపీ తీసి, లైటు పీకి, నీళ్ళలో ముంచాడు. లైటుకు నీటి చుక్క తగిలితే తిట్టే చాచా! మామూలు లైటు, మైనం లేదు, ట్యూబు లేదు. అది కాసేపు వెలిగి, కొట్టుకుని, పోయింది. "దేఖ్తే క్యా హో? సూస్తరేంది, ముంచుండ్రి!" అని కేకేశాడు. పక్కవాడు ముంచాడు. అది ఆరేలోపల ఇంకొకడు. మేనేజర్ సాబ్ తన టోపీ తీసి బురదలో మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ఒక్కో లైటు నీళ్ళలోకి దిగిన కొద్దీ పైన చీకటి పెరుగుతోంది. కిందకి వెలుగు, మాకు చీకటి. మనుషుల మొహాలు పోయాయి, చేతులు పోయాయి, గోడలు పోయాయి. చివరికి నా నెత్తి మీదిదొక్కటే మిగిలింది.

దాన్ని తియ్యడానికి నాకు చెయ్యి రాలేదు. ఉన్నమాట చెబుతున్నాను. అది తీస్తే భూమి కింద, ఆ గుంతలో, నాకూ చీకటికీ నడుమ ఏమీ ఉండదు. నీళ్ళలో ఎవరిదో లైటు టపటపలాడి పోయింది. ఇంక నీళ్ళ లోపల వెలుగే లేదు. కళ్ళు గట్టిగా మూసుకుని, టోపీ పీకి, లైటును భుజం దాకా నీళ్ళలోకి తోశాను.

ఎంతసేపో తెలియదు. కళ్ళు తెరవలేదు. నా మణికట్టును ఏదో పట్టుకుంది, చల్లగా, ఇనుములాగా. నేను అరిచిన అరుపుకు కప్పు కూలలేదంటే అది దేవుడి దయ. ఆయన నా చెయ్యి పట్టుకునే పైకి లేచాడు. ఆయన పీల్చిన ఊపిరి చప్పుడు ఆ చీకట్లో గోడకు తగిలి మళ్ళీ వినిపించింది. ఎవరో వెనక్కి పరుగెత్తి వేరే లైట్లు తెచ్చారు. ఆయన ఎడమ పిడికిలి విప్పితే మిగతా బెరడంతా అందులో ఉంది.

పంపు వేశారు. రెండుసార్లు దగ్గి, నీళ్ళందుకుంది. మర్నాడు మధ్యాహ్నానికి పల్లంలో నీళ్ళు మెడలోతుకు దిగాయి. ఖలాసీని మోసుకొచ్చారు, కళ్ళకు గుడ్డ కట్టి. కళ్ళు తెరిస్తే ఎండ ఓర్చుకోలేడని. అతని భార్య గుడ్డ మీద నుంచే మొహం తడిమి చూసింది. ఆ మాట అన్నదీ ఈ మాట అన్నదీ అని నేను కల్పించను. తర్వాత ఆసుపత్రి బండి పక్కనే నడుచుకుంటూ పోయింది.

పాడైన లైట్లకు సంజాయిషీ అడిగారు మమ్మల్ని. చాచా ఒక్క వాక్యం చెప్పి రాయించాడు, "నీళ్ళు తగిలి చెడిపోయినవి" అని. తెల్ల లైటు మూత ఎందుకు ఊడిందో మాకు ఆ రాత్రే అర్థమైంది. నేను ఆ సంగతి ఎత్తితే చాచా రాకు వైపు చూసి, "మంచికే చేసిన బేటా" అన్నాడు. ఆ తర్వాత నేను మళ్ళీ ఎత్తలేదు.

యాసిడ్ కారి బెస్త ఆయన నడుముకు కాలింది. ఆ రోజు సోడా నీళ్ళతో కడిగాం, కంపెనీ డాక్టరు మందిచ్చాడు. వానలు తగ్గాక ఒక ఆదివారం ఆయన్ని చూసి రావడానికి మంచిర్యాల పోయాను. గోదావరి ఒడ్డున కూర్చుని వల బాగుచేసుకుంటున్నాడు. పుండు మానింది, మచ్చ మిగిలింది. చాలాసేపు వానల గురించి, చేపల గురించి మాట్లాడాం. చివరికి ఉండబట్టలేక అడిగాను.

"అన్నా, నీ దీపం ఆరినంక నీకు మా దీపాలు కనవడ్డయా?"

ఆయన ముడి బిగించి, నోటితో దారం తెంచి, అప్పుడన్నాడు.

"కనవడ్డయి. శాన కనవడ్డయి. గదే పరేషాన్. ఊపిరి అయిపోయెటప్పుడు మనిషి కండ్లల్ల ఊకెనే దీపాలు పుడ్తయి తమ్మీ. గీ పక్కొకటి, గా పక్కొకటి. గవి ఎంబడివడి పోయినోళ్ళు వాపసు రారు. నేను తీసిన శవాలల్ల సగం గట్ల పోయినోళ్ళే కావచ్చు. నాకు ఏది నిజమైందో, ఏది నా కండ్లల్లదో తెలుస్తలేదు. ఇగ అయిపోయింది, నోరు తెరుద్దామనుకున్న."

గోదావరి మీద ఎండ నిలువునా పడుతోంది, అయినా వెన్నులోంచి చలి పుట్టింది.

"గంతల ఒకటి కనవడ్డది. వణుకుతున్నది. ఒకటే వణుకుడు, ఆగుతలేదు. కండ్లల్ల పుట్టిన దీపాలు వణకవు తమ్మీ, కదలకుంట నిలవడి పిలుస్తయి. గట్ల వణికేది మనిషి చెయ్యే. అటు వచ్చిన."

"గది నాదేనన్నా" అన్నాను. సిగ్గుతో తల వంచుకున్నాను. ఎగతాళి చేస్తాడనుకున్నాను, మా అవ్వ చేసింది, లాంపు రూములో అందరూ చేశారు.

ఆయన నవ్వలేదు. వల పక్కన పెట్టి, తడి చేతులు గోచీకి తుడుచుకుని, నాకు రెండు చేతులెత్తి దండం పెట్టాడు. అంత పెద్దమనిషి నాకు మొక్కుతుంటే నాకు మళ్ళీ బుగులైంది.